విశ్వవిద్యాలయంలో ఆటల ప్రవేశం

"ఆటలు కట్టిపెట్టి చదువుకో" అన్న మాట వినకుండా పెరిగినవారు మన ఇళ్లలో అరుదు. నా చిన్నతనంలో మా ఊరి దేవాలయ మంటపంలో ఒక రాతిబండమీద పులిజూదపు గీతలు చెక్కి ఉండేవి. వేసవి సెలవులలో మా మేనత్త కుమారుడు మా ఊరికి వచ్చినప్పుడు, మధ్యాహ్నపు ఎండవేళ మేమిద్దరం ఆ బండ దగ్గర చేరేవాళ్లం. మూడు పులులకు గులకరాళ్లు, పదిహేను మేకలకు చింతగింజలు. ఆట పాకంలో పడే సమయానికి మా తాతగారు చేతికర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి మమ్మల్ని లేవగొట్టి చదువుకు తరిమేవారు. మేము వెళ్లిపోయినాక ఆయన తన ఈడువారితో కూర్చుని, అవే చింతగింజలతో, పొద్దు వాలేదాకా అదే ఆట ఆడేవారని చాలాకాలానికి గాని మాకు తెలియలేదు.

ఆ మేనత్త కుమారుడే ఇటీవల ఒకనాడు మా ఇంటికి వచ్చినాడు. ఆయన కుమార్తె ఇంటర్మీడియెట్ పూర్తిచేసినది. కంప్యూటరు శాస్త్రంతోపాటు ఆటల రూపకల్పన కూడ నేర్పే విశ్వవిద్యాలయంలో చేరతానని పట్టుపట్టి కూర్చున్నది. "బావా, ఆడుకోవడానికి కూడ పట్టా ఇస్తారా? దానికి నేను అప్పుచేసి జీతం కట్టవలెనా?" అని ఆయన అడిగినాడు. ఆ ప్రశ్నలో కోపంకంటె భయం ఎక్కువగా ఉన్నది. ఒక మధ్యతరగతి గృహస్థు తన బిడ్డ నాలుగేళ్ల కాలాన్ని, తాను ఇరవై ఏళ్లు కూడబెట్టిన ధనాన్ని ఒకచోట పెట్టబోయేముందు అడిగే ప్రశ్న అది. దానిని నవ్వి తోసివేయరాదు. అప్పటికప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయినాను. కొంత వ్యవధి అడిగి, ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు పరిశీలించినాను. అట్లా పరిశీలించగా తేలిన సంగతులే ఈనాటి ప్రసంగ విషయం.

కథ ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ప్రారంభమవుతుంది. మారిస్ విల్క్స్ అనే ఆచార్యుని నాయకత్వంలో అక్కడి గణితశాస్త్ర ప్రయోగశాలవారు నిర్మించిన ఎడ్సాక్ అనే కంప్యూటరు 1949 మే 6వ తేదీన మొదటిసారి పనిచేసినది. ఒక గదినిండా విస్తరించిన యంత్రం అది. అందులో సుమారు 3,000 వాల్వులు ఉండేవి. మన పాత రేడియోలలో ఎర్రగా వెలుగుతూ వేడెక్కిన వాల్వులవంటివే అవి. ఆ యంత్రపు జ్ఞాపకశక్తి మరింత విచిత్రమైనది. పాదరసం నింపిన పొడవైన గొట్టాలలో సంఖ్యలను ధ్వని స్పందనలుగా మార్చి, ఒక కొసనుండి మరొక కొసకు నిరంతరం తిప్పుతూ గుర్తుంచుకునేది. ధ్వనినే నమ్ముకుని బ్రతికే మా రేడియో వారికి ఈ సంగతి వింటే కొంత గర్వం కలగడం సహజం.

ఈ యంత్రంమీద 1952లో ఎ. ఎస్. డగ్లస్ అనే పరిశోధక విద్యార్థి తన డాక్టరేటు నిమిత్తం ఒక ప్రోగ్రాము వ్రాసినాడు. ప్రోగ్రామంటే మా భాషలో కార్యక్రమం; కంప్యూటరు భాషలో యంత్రం వరుసగా నెరవేర్చవలసిన ఆదేశాల పట్టిక. మనిషికీ యంత్రానికీ మధ్య వ్యవహారం ఎట్లా నడవవలెనన్నది ఆయన పరిశోధన విషయం. దానికి ఉదాహరణగా ఆయన ఎన్నుకున్నది, తొమ్మిది గళ్లలో సున్నాలూ ఇంటూ గుర్తులూ పెట్టి పిల్లలు పలకమీద ఆడుకునే ఆట! మనిషి తన ఎత్తును టెలిఫోనుకు ఉండే డయలు త్రిప్పి తెలియజేసేవాడు. యంత్రం తన ఎత్తును ఒక చిన్న తెరమీద అడ్డంగా 35, నిలువుగా 16 చుక్కల వరుసలలో చూపేది. అది ఎన్నడూ తప్పుటెత్తు వేసేది కాదు. కంప్యూటరు తెరమీద మనిషి ఆడిన మొట్టమొదటి ఆటలలో ఇది ఒకటి.

ఇక్కడ ఒక తేదీని గమనించవలెను. కేంబ్రిడ్జిలో కంప్యూటరు విద్యను తరగతి పాఠంగా బోధించే డిప్లొమా 1953లో మొదలైనది. ప్రపంచంలో అట్టి తరగతులలో అదే మొదటిదని చెబుతారు. అనగా పాఠంకంటె ఆట ఒక సంవత్సరం పెద్దది! విశ్వవిద్యాలయం కంప్యూటరు శాస్త్రానికి తలుపు తెరిచి చూచేసరికి, ఆట అప్పటికే లోపల కూర్చుని ఉన్నది.

ఇది కేవలం కాకతాళీయం కాదు. ఆ కాలపు మేధావులు ఆటలను ఆశ్రయించడానికి బలమైన కారణం ఉన్నది. లోకవ్యవహారాలకు హద్దులు లేవు; ఆటకు హద్దులున్నవి. లోకంలో మంచిచెడ్డల తీర్పుకు ఏళ్లు పడుతుంది. ఆటలో గెలుపోటముల తీర్పు అక్కడికక్కడే తెలుస్తుంది. కాబట్టి యంత్రానికి బుద్ధి నేర్పదలచినవానికి ఆటకంటె నిజాయితీగల పరీక్షాధికారి దొరకడు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన క్లాడ్ షానన్, యంత్రంచేత చదరంగం ఆడించడం ఎట్లాగో వివరిస్తూ 1950లో ఒక వ్యాసం ప్రకటించినాడు. చదరంగంలో సాధ్యమయ్యే ఆటల సంఖ్య సుమారు 1 పక్కన 120 సున్నాలు పెట్టినంత ఉంటుందని ఆయన లెక్కకట్టినాడు. ఎంత వేగంగల యంత్రమైనా వాటినన్నిటినీ చూచి ముగించలేదు. ఏది చూడవలెనో, ఏది విడిచిపెట్టవలెనో నిర్ణయించడమే తెలివి. ఈ సూత్రం చదరంగానికే కాదు, జీవితంలో ప్రతి నిర్ణయానికీ వర్తిస్తుంది.

షానన్ ఈ మాటలు వ్రాసిననాటికే ఆలన్ ట్యూరింగ్ అనే గణితవేత్త, తన మిత్రుడు డేవిడ్ ఛాంపర్నౌన్‌తో కలిసి చదరంగపు ప్రోగ్రాము ఒకటి వ్రాసి పెట్టుకున్నాడు. దానిని నడపగల యంత్రం మాత్రం లేదు. అందుచేత 1952లో ట్యూరింగ్ తానే యంత్రంగా మారినాడు. కాగితంమీద తన ఆదేశాలను ఒక్కొక్కటే లెక్కకట్టి, ఒక్కొక్క ఎత్తుకు సుమారు అరగంట వెచ్చించి, ఒక సహోద్యోగితో ఆడినాడు. చివరికి ఆ ప్రోగ్రాము ఓడిపోయినది. తన బుద్ధికి తోచిన మంచి ఎత్తు కళ్లెదుట కనబడుతున్నా, ఆదేశం చెప్పిన ఎత్తునే వేసి ఓడిపోవడానికి ఎంత శాస్త్రనిష్ఠ కావలెనో ఆలోచించండి.

ఆ రోజులలోనే ఒక బడిపంతులు ఈ కథలో ప్రవేశించినాడు. ఆయన పేరు క్రిస్టఫర్ స్ట్రాచీ. కేంబ్రిడ్జిలో ఆయన చదువు అంతంతమాత్రంగానే సాగినది. హ్యారో పాఠశాలలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, సెలవులలోనూ తీరిక వేళలలోనూ డ్రాఫ్ట్స్ అనే ఆటకు ప్రోగ్రాము వ్రాసినాడు. చదరంగపు బల్లమీదనే బిళ్లలతో ఆడే ఈ ఆటను అమెరికావారు చెకర్స్ అంటారు. మొదట ఎక్కించిన యంత్రానికి జ్ఞాపకశక్తి చాలలేదు. అంతట ఆయన మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు యంత్రానికి ట్యూరింగ్ వ్రాసిన కరదీపికను సంపాదించి, ప్రోగ్రామును దానికి అనుగుణంగా తిరిగి వ్రాసినాడు. 1952 వేసవినాటికి అది పూర్తి ఆటను చెప్పుకోదగిన వేగంతో ఆడగలిగినది. ఎదుటివాడు సంకేతాలు తప్పుగా ఇస్తే మందలింపు మాటలు కూడ అచ్చువేసి చూపేది. ఆ బడిపంతులే 1965లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రోగ్రాముల రచనను శాస్త్రంగా పరిశోధించే బృందాన్ని స్థాపించి, తరువాత అక్కడ ఆచార్యుడైనాడు. ఆయన పాల్గొని రూపొందించిన సి.పి.ఎల్. అనే కంప్యూటరు భాషనుండి బి.సి.పి.ఎల్., దానినుండి బి, దానినుండి సి అనే భాష పుట్టినవి. మన ఇంజనీరింగు విద్యార్థులు మొదటి సంవత్సరంలో కుస్తీపట్టే సి భాషకు ముత్తాతలలో ఒకడు, సెలవులలో బిళ్లలాట వ్రాసిన పంతులన్నమాట.

అదే ఆటను అమెరికాలో ఐ.బి.ఎమ్. సంస్థకు చెందిన ఆర్థర్ శామ్యూల్ మరొక మెట్టు పైకెక్కించినాడు. తాను నేర్పినదాన్ని మాత్రమే ఆడే యంత్రంతో ఆయనకు తృప్తి కలగలేదు. యంత్రం తనతో తానే ఆడుకుని, ఓడినప్పుడు ఎందుకు ఓడినానో లెక్కచూచుకుని, తన అంచనాలను దిద్దుకునే విధానం కల్పించినాడు. ఆ విశేషాలను 1959లో ప్రకటించినాడు. యంత్రాభ్యాసమని ఈనాడు ప్రపంచమంతా చెప్పుకునే శాస్త్రానికి ఆ వ్యాసం మూలస్తంభాలలో ఒకటి. గురువును మించిన శిష్యుని గురించి మనం విన్నాము. తనను వ్రాసినవానినే ఓడించే ప్రోగ్రామును అప్పుడే లోకం చూచినది.

ఇంతవరకు చెప్పినవన్నీ పూర్వకాలపు ఆటలను యంత్రానికి నేర్పిన కథలు. యంత్రం కోసమే కొత్త ఆట పుట్టించిన ఖ్యాతి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని యువకులకు దక్కుతుంది. 1961లో ఒక కంపెనీవారు ఆ సంస్థకు పి.డి.పి.–1 అనే కంప్యూటరును విరాళంగా ఇచ్చినారు. దాని వెల ఆ రోజులలో 1,20,000 డాలర్లు. బొమ్మ రైళ్ల సంఘంలో స్నేహితులైన కొందరు యువకులు దాని చుట్టూ చేరినారు. స్టీవ్ రసెల్ ముఖ్య రచయితగా 1962లో వారు తయారుచేసిన ఆటకు స్పేస్‌వార్ అని పేరు. తెరమీద రెండు అంతరిక్ష నౌకలు ఒకదానిపై ఒకటి అస్త్రాలు ప్రయోగించుకుంటూ తిరుగుతవి. నడుమ ఒక నక్షత్రం వాటిని తనవైపు లాగుతూ ఉంటుంది.

వినడానికి పిల్లల ఆటవలెనే ఉన్నది. లోపల ఏమున్నదో చూడండి. నౌక కదలికకు న్యూటను చలనసూత్రాలు కావలెను. నక్షత్రపు ఆకర్షణను లెక్కకట్టే భాగాన్ని డాన్ ఎడ్వర్డ్స్ వ్రాసినాడు. వెనుక కనబడే ఆకాశం ఇష్టం వచ్చినట్లు చల్లిన చుక్కలు కాదు. పీటర్ శాంసన్ నిజమైన నక్షత్రాల స్థానాలను బట్టి దానిని తీర్చిదిద్దినాడు. యంత్రానికి ఉన్న మీటలతో ఆడితే మోచేతులు నొప్పిపెట్టేవి. అందుచేత చేతిలో పట్టుకుని ఆడదగిన చిన్న పెట్టెలను వారే తయారుచేసుకున్నారు. ఆ పెట్టెలు చేసినవారిలో ఒకడైన ఆలన్ కోటాక్, అదే సంవత్సరంలో చదరంగపు ప్రోగ్రామును తన పట్టపరీక్షకు సిద్ధాంతవ్యాసంగా సమర్పించినాడు. గణితం, భౌతికశాస్త్రం, ఖగోళం, యంత్రనిర్మాణం, మనిషి సౌకర్యం – ఇన్ని విషయాలు ఒక్క ఆటలో కలిసినవి. ఈనాడు ఆటల రూపకల్పన తరగతులలో నాలుగేళ్లు బోధించే విషయసూచిక అంతా ఆ ఆటలో బీజరూపంగా ఉన్నది.

ఆ యువకులు దానిని అమ్ముకోలేదు. అడిగినవారికెల్లా ప్రతి ఇచ్చినారు. చివరికి ఆ కంప్యూటరును తయారుచేసే కర్మాగారంలోనే, యంత్రం సవ్యంగా పనిచేస్తున్నదో లేదో పరీక్షించడానికి ఈ ఆటను నడిపి చూచేవారు. యంత్రంలోని ప్రతి భాగానికీ పని కల్పించే ప్రోగ్రాము అంతకంటె వేరొకటి దొరకకపోవడమే దానికి కారణం.

ఇక డార్ట్‌మత్ కళాశాల సంగతి. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణిత ఆచార్యులు కంప్యూటరు విజ్ఞానం కొందరి సొత్తు కారాదని భావించినారు. గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్నంత స్వేచ్ఛగా ప్రతి విద్యార్థీ, సాహిత్యం చదివేవాడైనా సరే, కంప్యూటరును వాడుకోవలెనన్నది వారి సంకల్పం. దానికోసం వారు సృష్టించిన బేసిక్ అనే సులభమైన భాష 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున మొదటిసారి నడిచినది. విద్యార్థులు దానిలో ఆటలు వ్రాసుకున్నారు; గురువులు నిషేధించలేదు. భయం పోవడానికి ఆట మంచి మందని వారికి తెలుసు. అట్టి ఆటలను సేకరించి డేవిడ్ ఆల్ 1973లో ఒక పుస్తకం వెలువరించినాడు. ప్రపంచంలో ఒక తరంవారు ఆ పుస్తకంలోని ఆటలను చూచి వ్రాసుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ ప్రోగ్రాముల రచన నేర్చుకున్నారు.

బుద్ధి సంగతి ఇట్లా ఉండగా, బొమ్మ సంగతి యూటా విశ్వవిద్యాలయంలో తేలినది. డేవిడ్ ఎవాన్స్ 1965లో అక్కడ కంప్యూటరు శాస్త్ర శాఖను నెలకొల్పినాడు. 1968లో ఇవాన్ సదర్లాండ్ వచ్చి చేరినాడు. వారి శిష్యులు తెరమీద వస్తువులను సహజంగా చూపే విద్యను సాధించినారు. వారిలో బుయ్ తువాంగ్ ఫాంగ్ అనే వియత్నాం యువకుని గురించి ప్రత్యేకంగా చెప్పవలెను. ఆయన 1942లో హనోయిలో జన్మించినాడు. కొత్తగా తోమిన ఇత్తడి బిందెను చూడండి. చుట్టూ ఉన్న వెలుగువల్ల అది కొంత కనబడుతుంది. దీపం ఉన్నవైపు మరింత ప్రకాశిస్తుంది. ఒకచోట మాత్రం కన్ను చెదిరే తళుకు ఉంటుంది. ఈ మూడింటినీ వేరువేరుగా లెక్కకట్టి కలిపితే, తెరమీద గీసిన బిందె నిజమైన బిందెవలె మెరుస్తుందని ఆయన నిరూపించినాడు. 1973లో డాక్టరేటు పొందినాడు. 1975లో ఆయన వ్యాసం అచ్చయినది. ఆ సంవత్సరంలోనే ముప్పదిమూడేండ్లు నిండకుండా వ్యాధివల్ల మరణించినాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు కంప్యూటరు ఆటలలో మెరిసిన కత్తులమీద, కవచాలమీద, నీటి అలలమీద తళుకు చాలవరకు ఆయన లెక్కను ఆధారం చేసుకున్నదే. ఆ ఆటలలో ఒక్కదానినైనా ఆయన చూడలేదు.

ఆ యూటాలోనే విద్యుత్ ఇంజనీరింగు చదివిన నోలన్ బుష్నెల్, స్పేస్‌వార్ ప్రేరణతో 1971లో మరొకరితో కలిసి నాణెం వేసి ఆడే ఆటను తయారుచేసినాడు. 1972లో అటారీ కంపెనీని స్థాపించినాడు. అక్కడితో ఆట ప్రయోగశాల దాటి బజారున పడినది. విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చిన విత్తనంనుండి వ్యాపార వృక్షం మొలిచినది.

ఈ చరిత్రలో మన తెలుగువాని పాత్ర కూడ ఒకటి ఉన్నది. అది మా రేడియో వారికి మరింత ఆత్మీయమైనది. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామంలో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారిని ప్రపంచం రాజ్ రెడ్డిగా ఎరుగును. వారి కుటుంబంలో కళాశాల మెట్టు ఎక్కినవారిలో ఆయనే మొదటివారు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టభద్రులై, ఆస్ట్రేలియాలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందినారు. 1969నుండి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు. మనిషి మాటను యంత్రం చేత గ్రహింపజేయడం ఆయన పూనిన కార్యం.

మాటను గ్రహించడం ఎంత కష్టమో మైకు ముందు కూర్చునేవారికి తెలుసు. ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క తీరు. ఒక శబ్దం మరొక శబ్దంలో కలిసిపోతుంది. రాజ్ రెడ్డిగారు, ఆయన సహచరులు 1973లో ప్రకటించిన హియర్‌సే అనే విధానంలో ఈ చిక్కుకు ఒక ఉపాయం కనిపెట్టినారు. మనిషి నోటితో చదరంగపు ఎత్తు చెబుతాడు. విన్న ధ్వని అస్పష్టంగా ఉంటే, యంత్రం బల్లవైపు చూస్తుంది. ఈ స్థితిలో ఏ ఎత్తులు న్యాయసమ్మతం? ఏది వేయడానికి అవకాశం ఎక్కువ? అని చదరంగపు ప్రోగ్రామును అడిగి, చెవికి అందనిదాన్ని బుద్ధితో పూరించుకుంటుంది. మనం కూడ గోలలో ఉన్నప్పుడు సగం మాట విని, సందర్భాన్నిబట్టి మిగిలిన సగం ఊహించుకోవడం లేదా? ఈనాడు చేతిలోని ఫోనుతో మాట్లాడి పనులు చేయించుకుంటున్న మనం, ఆ విద్య పసితనంలో చదరంగపు బల్లమీద నడక నేర్చుకున్నదని గుర్తుంచుకోవలెను. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో రాజ్ రెడ్డిగారికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి లభించినది.

ఆటలకు విశ్వవిద్యాలయాలు బాహాటంగా పట్టాలివ్వడం ఇటీవలి సంగతి. 1994లో కెనడాలోని వాంకూవర్‌లో డిజిపెన్ సంస్థ వీడియో ఆటల ప్రోగ్రాముల రచనకు శిక్షణ తరగతి తెరిచినది. 1997లో స్కాట్లాండులోని డండీ పట్టణంలో ఆబర్టే విశ్వవిద్యాలయం కంప్యూటరు ఆటల విద్యలో పట్టతరగతి నెలకొల్పినది. డండీ ఒకప్పుడు మన వంగదేశపు జనపనారమీద బ్రతికిన పట్టణం. మిల్లులు క్షీణించినవి. అక్కడి ఒక కర్మాగారంలో 1980 దశకంలో స్పెక్ట్రం అనే చిన్న ఇంటి కంప్యూటర్లు తయారైనవి. అవి ఊరి కుర్రవాళ్ల చేతికి చిక్కినవి. ఆ కుర్రవాళ్లే 1991లో లెమ్మింగ్స్ అనే ప్రసిద్ధమైన ఆటను వెలువరించినారు. ఊరి కుర్రవాళ్లు చేతితో నేర్చిన పనికి విశ్వవిద్యాలయం వెనుకనుండి వచ్చి శాస్త్రరూపం కల్పించినది. 1998లో కార్నెగీ మెలన్‌లో వినోద సాంకేతిక కేంద్రం వెలసినది. అప్పుడు అక్కడి కంప్యూటరు శాస్త్ర విభాగానికి డీన్‌గా ఉన్నవారు మన రాజ్ రెడ్డిగారే. ఆ కేంద్రాన్ని స్థాపించినవారు ఇద్దరు – ఒకరు కంప్యూటరు ఆచార్యుడు రాండీ పాష్, మరొకరు నాటకశాఖకు చెందిన డాన్ మారినెల్లీ. నాటకం, గణితం ఒక పీటమీద కూర్చున్నవి.

వీటిలో ఏమి నేర్పుతారు? సదిశలు, మాత్రికలు, సంభావ్యత, చలనసూత్రాలు, ప్రోగ్రాముల రచన. వాటితోపాటు చిత్రలేఖనం, కథ, ధ్వని, మనిషి మనస్తత్వం. వీటన్నిటికీ మించి నేర్పేది తులాభారం. మన పులిజూదమే చూడండి. పులి మేకమీదుగా దూకి దానిని చంపగలదు. మేక పులిని చంపలేదు, తోడి మేకలతో కలిసి దారి కట్టివేయగలదు. బలం ఒకవైపు, సంఖ్య ఒకవైపు. పదిహేను మేకలే ఎందుకు? ఎనిమిదైతే పులికి ఆట ఆటగా ఉండదు. ముప్పైయైతే మేకలకు కష్టముండదు. ఈ లెక్కను ఏ పండితుడు కట్టినాడో మనకు తెలియదు. తరతరాలవారు ఆడి, ఓడి, సరిచూచి నిలబెట్టిన లెక్క అయి ఉండవలెను. ఆటల రూపకల్పన అంటే ఆ లెక్కను శాస్త్రీయంగా కట్టడం.

ఈ విద్య ఎక్కడిదాకా పోగలదనడానికి ఒక్క నిదర్శనం చెప్పి ముగిస్తాను. డెమిస్ హసాబిస్ లండనులో 1976లో జన్మించినాడు. చిన్ననాడే చదరంగంలో ఆరితేరినవాడు. పదిహేడేళ్ల వయసులో, 1994లో వెలువడిన థీమ్ పార్క్ అనే కంప్యూటరు ఆట నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించినాడు. అంతటితో ధనార్జనకు దిగక కేంబ్రిడ్జికి వెళ్లి 1997లో కంప్యూటరు శాస్త్రంలో పట్టం పుచ్చుకున్నాడు. తరువాత మరల ఆటలు నిర్మించినాడు; ఆ కంపెనీ మూతపడినది; అప్పుడు మెదడు గురించి పరిశోధించి 2009లో డాక్టరేటు పొందినాడు. 2010లో ఇతరులతో కలిసి డీప్‌మైండ్ సంస్థను స్థాపించినాడు. వారి యంత్రం మొదట పాత అటారీ ఆటలమీద అభ్యాసం చేసినది. 2016లో గో అనే ప్రాచీన ఆటలో కొరియా మహావీరుడు లీ సెడోల్‌ను 4–1 తేడాతో ఓడించినది. ఆ మార్గంలోనే సాగి, శరీరంలోని ప్రోటీనులు ఏ ఆకృతిలో ముడుచుకుంటవో చెప్పగల విధానాన్ని వారు సాధించినారు. 2024లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి హసాబిస్‌కు, జాన్ జంపర్‌కు, డేవిడ్ బేకర్‌కు కలిపి లభించినది. కేంబ్రిడ్జిలో తొమ్మిది గళ్లతో ప్రారంభమైన అన్వేషణ, కేంబ్రిడ్జిలో చదివిన ఒక ఆటగాని చేతిలో రోగాల మూలాలను వెదికే సాధనంగా పరిణమించినది.

అయితే ఒక హెచ్చరిక కూడ చేయవలెను. భోజనప్రియుడైన ప్రతివాడూ పాకశాస్త్రజ్ఞుడు కాడు. ఆట ఆడడం వేరు, ఆట కట్టడం వేరు. ఆడడంలోని మోజుతో చేరినవాడు మొదటి సంవత్సరపు గణితం దగ్గరనే బోర్లపడతాడు. నేను పైన పేర్కొన్నవారిలో ఏ ఒక్కరూ ఆటకోసం చదువును విడిచిపెట్టలేదు. ఆట బాగా రావడానికి చదువును మరింత గట్టిగా పట్టుకున్నారు. కాబట్టి తల్లిదండ్రులు పిల్లలను అడగవలసినది "ఎంతసేపు ఆడుతావు?" అని కాదు, "విప్పి చూచినదేమిటి? కట్టి చూచినదేమిటి?" అని. పునాదిలో కంప్యూటరు శాస్త్రం గట్టిగా ఉన్న విద్యాలయమా కాదా అన్నది కూడ విచారించవలెను. ఆటల వ్యాపారం ఒడుదుడుకులు కలది. శాస్త్రం గట్టిగా వచ్చినవాడు ఆ వ్యాపారం తగ్గినా మరొకచోట బ్రతకగలడు.

ఈ మాటలే మా బావకు చెప్పినాను. ఆయన కుమార్తెను పిలిచి, "నీవు కట్టినదేమైనా ఉంటే మామయ్యకు చూపు" అన్నాడు. ఆ అమ్మాయి కొంచెం సంకోచంగా తన కంప్యూటరు తెచ్చి తెరిచినది. తెరమీద పులిజూదం! తండ్రి చెప్పిన చిన్ననాటి కథలు విని వ్రాసుకున్నదట. "పులులు బాగానే ఆడుతున్నాయి, మామయ్యా. మేకలకు బుద్ధి నేర్పలేకపోతున్నాను. ఎప్పుడూ అవే ఓడిపోతున్నాయి. ఎక్కడ పొరపాటో నాకు తెలియడం లేదు. అది తెలుసుకోవడానికే చదువుతానంటున్నాను" అన్నది.

మా బావ కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కుర్చీ ముందుకు జరుపుకుని, "మేకలను మొదట నడుమ పెట్టకూడదమ్మా. అంచులు పట్టవలె. అంచున ఉన్నదానిమీదుగా దూకడానికి పులికి దారులు తక్కువ" అన్నాడు. ఆ రాత్రి భోజనాలకు వారిద్దరినీ మూడుసార్లు పిలువవలసి వచ్చినది.